ఫోటో సైజు తగ్గించాలి సరే, ఖాళీలు ఎవరు పూరించాలి?

హడావిడిలో ఉన్నవాళ్ళకి ముందే జవాబు చెప్పేస్తాను. ఏదో అప్లికేషన్ సైటు 50 కేబీ దాటిన ఫోటో తీసుకోనంటోంది, లాస్ట్ డేట్‌కి ఇంకో గంటే ఉంది అన్న టెన్షన్‌లో మీరుంటే, ఆ పాస్‌పోర్ట్ సైజు ఫోటోని 413×531 పిక్సెళ్ళకి రీసైజ్ చేయండి, జేపెగ్‌లో క్వాలిటీ 80 దగ్గర పెట్టి సేవ్ చేయండి, ఇంకా దాటుతోందంటే 70కి దించండి, పనైపోతుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలనుందా, అసలు నూటికి ఐదు పిక్సెళ్ళే దాచుకుని మిగతా తొంభై ఐదూ మళ్ళీ పుట్టించే పద్ధతులున్నాయట, వాటిని ఎక్కడ నమ్మాలి ఎక్కడ నమ్మకూడదు అని అనుమానమా, అయితే కూర్చోండి.

నాకీ పిచ్చి బాగా ముదిరిన రోజుల్లో మా బావ దొరికాడు. ఆయనకి ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుంది. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి బోటుని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపమన్నారట, ఒక్కోటీ 100 కేబీ దాటకూడదన్నారట. మామూలుగా జేపెగ్‌లో కుదించి ఇచ్చేస్తే పోయేది. కానీ నేను అప్పుడే ఈ ఖాళీలు పూరించే ప్రోగ్రాం ఒకటి రాసుకుని, రుషికొండ ఆఫీసు నుంచి ఇంటికి రాగానే దాని ముందే కూర్చుంటున్నాను, నా ప్రతాపం చూపించుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదనిపించింది. ఫోటోలో ఇరవై పిక్సెళ్ళకి ఒకటి చొప్పున ఉంచి, మిగతాదంతా ప్రోగ్రాం చేత పూరించి, వచ్చిన బొమ్మని సేవ్ చేసి పంపేశాను. పూరించిన బొమ్మ నున్నగా ఉంటుంది కాబట్టి జేపెగ్‌లో ఇంకా చిన్నదైంది కూడా. సముద్రం బ్రహ్మాండంగా వచ్చింది, ఆకాశం అంతకంటే బాగా వచ్చింది. రెండో రోజు పొద్దున్నే బావ ఫోన్. "ఏట్రా ఇది, బోటు నంబరు మీద తడిగుడ్డెట్టి తుడిసేసినట్టుంది, ఆళ్ళు ఎనక్కి పంపేసేరు."

తప్పు ఎక్కడ జరిగిందో లెక్క వేస్తే సిగ్గేసింది. ఇరవైకి ఒకటి అంటే, అడ్డంగా చూసినా నిలువుగా చూసినా సగటున నాలుగున్నర పిక్సెళ్ళకి ఒకటి మిగిలినట్టు. ఆ ఫోటోలో నంబరు గీతల మందం మూడు పిక్సెళ్ళు. వల కన్ను కంటే చేప చిన్నదైతే ఏమవుతుందో హార్బర్‌లో పుట్టి పెరిగిన మా బావకి నేను చెప్పాలా?

చుక్కలు పెట్టడం, గీతలు గీయడం

ఆ ఐదు శాతం పిక్సెళ్ళు మాత్రమే ఉన్న బొమ్మ ఒకసారి స్క్రీన్ మీద తెరిచి పెట్టుకుంటే, అటుగా వెళ్తున్న మా అమ్మ ఆగి చూసి, "సంక్రాంతి ముగ్గుకి చుక్కలు పెట్టినట్టుంది, గీతలెప్పుడు గీస్తావు?" అంది. నేను చదివిన వివరణల్లో దీన్ని మించింది లేదు. ఎన్ని వరసలు, ఎన్ని చుక్కలు, ఎక్కడెక్కడ అన్నది మాత్రమే దాచుకుంటాం, గీతలు గీసే పని అవతలివాడి చేతికి వదిలేస్తాం. ముగ్గులో అయితే ఆ చెయ్యి అలవాటున్న చెయ్యి, ఇక్కడ అది ఒక లెక్క.

అన్నిటికంటే సులువైన లెక్క చేసి చూపిస్తాను. ఒకే వరసలో ఐదు పిక్సెళ్ళున్నాయి, మొదటిదాని వెలుగు 10, చివరిదాని వెలుగు 50, మధ్య మూడూ ఖాళీ. రూలు ఒక్కటే: ప్రతి ఖాళీ తన పక్కవాళ్ళ సగటు అయి ఉండాలి. ఖాళీలన్నిటిలో సున్నా పెట్టి మొదలెట్టండి. ఒక చుట్టు తిరిగితే 5, 0, 25 అవుతాయి. రెండో చుట్టుకి 5, 15, 25. మూడో చుట్టుకి 12.5, 15, 32.5. అలా తిప్పుతూ పోతే చివరికి 20, 30, 40 దగ్గర స్థిరపడిపోతాయి, ఇక ఎన్నిసార్లు తిప్పినా కదలవు. రెండు వైపులా ఉన్న రంగు మధ్యలోకి సిరా పీల్చే కాగితం మీద చుక్కలా పాకిందన్నమాట. దీన్ని హోమోజీనియస్ డిఫ్యూజన్ అంటారు. ఫోటోలో అయితే పక్కవాళ్ళు ఇద్దరు కాదు నలుగురు, పైన కింద కుడి ఎడమ, అంతే తేడా. ఈ తిప్పుడు ఎన్నిసార్లు అవసరమో చూశారు కదా, మూడు ఖాళీలకే ఇంత తతంగం, అందుకే ఈ రకం ఫోటో తెరవడానికి జేపెగ్ కంటే చాలా ఎక్కువ పని పడుతుంది. తెలివైన సాల్వర్లు, అంటే ఇలాంటి లెక్కల్ని దగ్గర దారిలో తేల్చే ప్రోగ్రాంలు, పెడితే తొందరగానే తేలుతుంది గానీ, గ్యాలరీలో వేలితో జర్రున జరిపేంత తొందరగా కాదు.

దీనికి రెండు జబ్బులున్నాయి. మొదటిది, ఒంటరిగా ఉన్న చుక్క చుట్టూ మేకు దిగగొట్టినట్టు ఒక మొన కనిపిస్తుంది, నున్నటి బుగ్గ మీద ఇది మొటిమల్లా తేలుతుంది. రెండోది పెద్దది, రంగు హద్దులు దాటి పాకిపోతుంది, నల్ల బోటు అంచు ఆకాశంలోకి కారుతుంది. పొలంలో అయితే మడిలో పెట్టిన నీళ్ళు గట్టు దాటవు కదా, రంగు కూడా అలాగే గట్టు వెంబడి పాకాలి గానీ గట్టు దాటకూడదు అన్నదే తర్వాతి మెరుగుదల. జర్మనీలోని సార్లాండ్ యూనివర్సిటీలో యోఆఖిమ్ వైకర్ట్, ఆయన సహచరులు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, ఎడ్జ్ ఎన్‌హాన్సింగ్ డిఫ్యూజన్ అని ఆ పద్ధతి పేరు. పూరిస్తూ పూరిస్తూనే అంచు ఎటు పోతోందో కనిపెట్టి, ఆ దిక్కున రంగుని పారనిచ్చి, అడ్డంగా వెళ్ళకుండా ఆపుతుంది. కుదింపు బాగా పెరిగినప్పుడు ఈ రకం పద్ధతి జేపెగ్‌నే కాదు, దాని తర్వాత వచ్చిన జేపెగ్ 2000 ఫార్మాట్‌ని కూడా దాటగలదని వాళ్ళు 2009లో చూపించారు. ఈ ‘బాగా పెరిగినప్పుడు’ అన్న మాటని పట్టుకోండి, మామూలు సైజుల్లో ఆ గెలుపు అలా ఉండదు.

రంగు కంటే అడ్రసు బరువు

ఈ పద్ధతి గురించి మొదటిసారి విన్నవాళ్ళందరూ వేసే లెక్క ఒకటే: ఐదు శాతమే దాచుకుంటున్నాం కాబట్టి ఫైలు ఇరవయ్యో వంతు అవుతుంది. అవదు.

512×512 బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసుకోండి, మొత్తం 2,62,144 పిక్సెళ్ళు, ఒక్కోదానికి ఒక బైట్ చొప్పున 256 కేబీ. అందులో ఐదు శాతం అంటే 13,107 పిక్సెళ్ళు, వాటి వెలుగులకి సుమారు 13 కేబీ. బాగానే ఉంది. మరి ఆ పదమూడు వేలూ ఎక్కడెక్కడున్నాయో రాయొద్దా? ఉందా లేదా అని ప్రతి చోటికీ ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల్ని ఎంత గట్టిగా కుదించినా, చుక్కలు ఎలా పడితే అలా చెదిరి ఉంటే ఒక్కో చోటికి సగటున 0.286 బిట్ల (ఎనిమిది బిట్లు ఒక బైట్) కంటే తగ్గదు, అది ఇన్ఫర్మేషన్ థియరీ పెట్టిన నేల. మొత్తం కలిపితే తొమ్మిది కేబీ పైనే. అంటే 22 కేబీ అయింది. అదే 22 కేబీ తీసుకెళ్ళి జేపెగ్‌కి ఇచ్చి చూడండి, చాలా ఫోటోలు దగ్గరికి జరిగి చూస్తే తప్ప తేడా తెలియనంత శుభ్రంగా వస్తాయి. నేను మొదట రాసిన ప్రోగ్రాం జేపెగ్ చేతిలో చిత్తుగా ఓడింది ఇక్కడే, రంగుల దగ్గర కాదు, అడ్రసుల దగ్గర.

అడ్రసు ఖర్చు తగ్గించుకోవడానికి దారులున్నాయి. చుక్కల్ని రాండమ్‌గా ఎంచితే ఆ రాండమ్ వరసని పుట్టించడానికి వాడిన ఒక్క సంఖ్య దాచుకుంటే చాలు, అవతల కంప్యూటర్ అదే సంఖ్యతో అవే చోట్లు మళ్ళీ పుట్టిస్తుంది, అడ్రసులు ఉచితం. కానీ అప్పుడు చుక్కలు ఖాళీ ఆకాశంలోనూ పడతాయి, బోటు నంబరు మీదా పడతాయి, ఎక్కడ అవసరమో వాటికి తెలియదు. అవసరమైన చోటే ఎక్కువ పెట్టాలంటే వాటి అడ్రసులకి డబ్బు కట్టాలి. వైకర్ట్ వాళ్ళు వేసిన ఎత్తు మన సర్వే నంబర్ల లాంటిది: ఫోటోని సగానికి కోసి, ఆ ముక్క బాగా పూరడం లేదంటే మళ్ళీ సగానికి కోసి, 45లో 45/1, అందులో 45/1ఏ అన్నట్టు సబ్ డివిజన్ చేసుకుంటూ పోతారు, చుక్కలు ఆ ముక్కల మూలల్లోనూ మధ్యలోనూ ముందే ఒప్పుకున్న చోట్లలో ఉంటాయి. ఇక కోశామా లేదా అన్న అవును, కాదులు రాసుకుంటే చాలు, అడ్రసు రాయక్కర్లేదు. వెలుగుల్ని కూడా 256 మెట్లకి బదులు ముప్పై నలభై మెట్లకి కుదించి, చివర్లో ఒక ఎంట్రపీ కోడర్‌తో, అంటే తరచుగా వచ్చేవాటికి పొట్టి గుర్తులిచ్చి చోటు మిగిల్చే లెక్కతో, మూట కడతారు.

ఇంకో చిన్న కిటుకు నాకు భలే నచ్చింది. దాచుకున్న పిక్సెల్ విలువ నిజమైనదే కానక్కర్లేదు. ఒక చుక్క మీద రాత్రి ఫోటోలో ఉండే గరుకు పడి అది 90కి బదులు 120 అయిందనుకోండి, ఆ ఒక్క తప్పు దాని చుట్టూ వీధంతా పాకుతుంది. కాబట్టి ఆ చుక్క విలువని కావాలనే అటూ ఇటూ జరిపి, చుట్టుపక్కల మొత్తం మీద తప్పు తగ్గేలా సర్దుతారు. ఒక్క చోట చిన్న అబద్ధం, పది చోట్ల నిజం.

అందరూ పూరించేవాళ్ళే

ఇంతకీ ఈ ఖాళీలు పూరించడం ఏదో ల్యాబుల్లో జరిగే వింత అనుకోకండి. మీ ఫోన్ కెమెరా నొక్కిన ప్రతిసారీ అదే చేస్తోంది. సెన్సర్ మీద ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది, సగం గళ్ళు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం, కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో దీని మీద పేటెంట్ వచ్చింది. ప్రతి పిక్సెల్‌కీ మూడు రంగులు కావాలి కదా, కొలిచింది ఒకటి, మిగతా రెండూ పక్క గళ్ళని చూసి పూరించినవే. మీ పెళ్ళి ఫోటోల్లో మూడింట రెండు వంతుల అంకెలు ఊహే.

జేపెగ్ కూడా తక్కువది కాదు. మన కంటికి వెలుగులో తేడా తెలిసినంతగా రంగులో తేడా తెలియదు కాబట్టి, మామూలుగా నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు దాచుకుంటుంది. ఆ తర్వాత ఫోటోని 8×8 గళ్ళుగా కోసి, ఒక్కో గడిలోని 64 అంకెల్నీ అలల మొత్తంగా మార్చి, కంటికి ఆనని సన్నటి అలల్ని కొట్టేస్తుంది. ఆ అలల లెక్క, డీసీటీ, 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కే. ఆర్. రావు ప్రచురించారు, ముగ్గురివీ మనకి తెలిసిన పేర్లే, ఆ రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు అని చూసినప్పుడు నాకు ఊరికే సంతోషం వేసింది.

జేపెగ్ లాంటివే ఇంకో రెండు ఫోటో ఫార్మాట్లు, పీఎన్‌జీ, వెబ్‌పీల దగ్గర అసలు విషయం ఉంది. పీఎన్‌జీ ప్రతి పిక్సెల్‌నీ దాని ఎడమ, పై పిక్సెళ్ళని చూసి ముందు ఊహిస్తుంది, ఊహకీ నిజానికీ ఉన్న తేడాని రాసుకుంటుంది, అందుకే ఒక్క పిక్సెల్ కూడా మారకుండా తిరిగి వస్తుంది. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ ఒక గడి మొత్తాన్ని పై వరస, ఎడమ వరస చూసి ఊహించి, తేడాలో పెద్దవి రాసుకుని చిన్నవి వదిలేస్తుంది. స్కూల్లో "క్రింది ఖాళీలను పూరింపుము" అని ఇచ్చేవాళ్ళు గుర్తుందా, వీళ్ళందరూ అదే పరీక్ష రాస్తున్నారు. ఒకడు రాసి, పక్కనే సరిదిద్దిన చీటీ కూడా జత చేస్తున్నాడు. ఇంకొకడు, తేడా ఏమీ రాసుకోని నా చుక్కల ప్రోగ్రాం లాంటివాడు, తోచింది రాసి లేచి వెళ్ళిపోతున్నాడు. నేను బావ ఫోటోతో చేసింది రెండోది.

కాబట్టి ఏ ఫార్మాట్ ఎంచుకోవాలి అని నన్నడిగితే, ఊహతో పాటు చీటీ వస్తోందా అని చూడమంటాను. ఊహ తప్పయినా నష్టం లేని ఫోటో అయితే చీటీ లేకపోయినా ఫర్వాలేదు. నష్టం ఉందంటే చీటీ లేని పద్ధతి దగ్గరికే వెళ్ళకండి, అది ఎంత చిన్న ఫైలు ఇచ్చినా సరే.

ఏ ఫోటోకి ఏది

ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన ఫోటోతో మొదలెడదాం. పైన ఆకాశం, కింద నీళ్ళు, మూలగా డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు. చుక్కల పద్ధతికి ఇది పండగ. ఆకాశంలో రంగు నెమ్మదిగా మారుతుంది, వందలో ఒక చుక్క కూడా అక్కర్లేదు, చుక్కలన్నీ కొండ అంచు వెంబడి అటొకటి ఇటొకటి పరిస్తే చాలు. ఇదే ఫోటోని జేపెగ్‌లో మరీ నొక్కితే ఆకాశంలో గళ్ళ లుంగీ కనిపిస్తుంది, ఇక్కడ మాత్రం మసకగా ఉన్నా నున్నగా ఉంటుంది. బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా ఇలాంటిదే, పొడుగాటి నల్లటి ఒళ్ళు, శుభ్రమైన అంచు.

పది అడుగులు ముందుకేసి ఇసుకని దగ్గరగా తీయండి, కథ తిరగబడుతుంది. ప్రతి రేణువూ పక్కదానికంటే వేరు, పక్కవాళ్ళ సగటు అన్న మాటకి అర్థమే లేదు. చుక్కల పద్ధతి ఇసుకని గోడకి వేసిన సున్నంలా చేస్తుంది. హార్బర్‌లో కుప్ప పోసిన వలలూ అంతే, సింహాచలం గుడి రాతి చెక్కడాలూ అంతే. అక్కడ జేపెగ్ గానీ వెబ్‌పీ గానీ తీసుకోండి, సైజు కొంచెం పెరిగితే పెరగనివ్వండి.

కార్టూన్లు, లోగోలు, రంగు ముక్కలుగా ఉండే బొమ్మలకి ఇంకో పద్ధతుంది: అంచులకి రెండు వైపులా ఉన్న రంగులు మాత్రమే దాచి, లోపలంతా మామూలు డిఫ్యూజన్‌తో నింపడం. ఈ రకం బొమ్మల్లో ఇది జేపెగ్‌ని గట్టిగా కొడుతుంది, ఎందుకంటే ఒక మడికి ఒకే నీళ్ళు, గట్టు ఎక్కడుందో ముందే రాసి ఉంది. డెప్త్ మ్యాప్‌లు, అంటే ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పే బొమ్మలు, వీటికీ అదే కారణంగా బాగా సరిపోతుంది. కానీ మీ లోగో వెబ్‌సైట్‌లో పెట్టడానికే అయితే ఇవేవీ వద్దు, ఎస్‌వీజీ (పిక్సెళ్ళుగా కాక గీతలు, ఆకారాలుగా దాచే ఫార్మాట్) లేదా పీఎన్‌జీ ఇచ్చేయండి, ఎవరి బ్రౌజర్‌లో అయినా తెరుచుకుంటుంది.

సంతకం, పాస్‌బుక్ పేజీ, మార్కుల లిస్టు, బోటు నంబరు లాంటివి, అంటే చదవాల్సినవి ఏవైనా సరే, చుక్కలకి ఇవ్వకండి. నలుపు తెలుపుగా మార్చి పీఎన్‌జీ చేస్తే ఆశ్చర్యపోయేంత చిన్నదవుతుంది. సైటు జేపెగ్ మాత్రమే అంటే క్వాలిటీ మరీ దించకండి, దించితే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలొస్తాయి, బదులుగా చుట్టూ ఉన్న తెల్ల కాగితాన్ని క్రాప్ చేసి పారేయండి.

పాస్‌పోర్ట్ సైజు ఫోటో సంగతి మొదట్లో చెప్పింది ఇదిగో. మూడున్నర ఇంటూ నాలుగున్నర సెంటీమీటర్లు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 413×531, అంటే సుమారు 2 లక్షల 19 వేల పిక్సెళ్ళు. 50 కేబీని వీటికి పంచితే ఒక్కోదానికి 1.87 బిట్లు వస్తాయి, జేపెగ్‌కి అది పెళ్ళి భోజనం. అదే ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెళ్ళ ఫోటోని అలాగే ఉంచి 50 కేబీకి నొక్కితే ఒక్కో పిక్సెల్‌కి 0.034 బిట్లు, దాంతో మొహం గళ్ళు గళ్ళుగా పగిలిపోతుంది. మనవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే, క్వాలిటీ బార్ లాగుతూ ఉంటారు గానీ పిక్సెళ్ళు తగ్గించరు. నిజానికి రీసైజ్ కూడా తక్కువ పిక్సెళ్ళు దాచి మిగతాది పూరించడమే, చుక్కలు వరసగా పేర్చి ఉంటాయి కాబట్టి అడ్రసు ఖర్చు లేదు, అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఐఫోన్ 2017 నుంచి హెచ్ఈఐసీలో దాస్తోంది, మంచి ఫార్మాటే, అప్‌లోడ్ సైట్లు చాలావాటికి నచ్చదు, మార్చుకుని పంపండి. 2019లో వచ్చిన ఏవీఐఎఫ్ తక్కువ సైజులో జేపెగ్ కంటే చాలా బాగుంటుంది, సొంత వెబ్‌సైట్ ఉంటే వాడండి. జేపెగ్ 2000 డిజిటల్ సినిమా హాళ్ళలో బతికి ఉంది, ఫ్రేము ఫ్రేమూ అదే, మన ఫోన్లలోకి మాత్రం రాలేదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్ళీ నొక్కుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు.

ఏఐ చేత పూరిస్తే

ఈ మధ్య అందరూ అడిగేది ఇదే, పాత లెక్కలెందుకు, ఏఐకిచ్చేస్తే ఐదు శాతం ఏమిటి ఒక్క శాతం నుంచి కూడా ఫోటో పుట్టిస్తుంది కదా అని. పుట్టిస్తుంది, అదే నా భయం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఆల్బమ్ బీరువాతో సహా తడిసింది. మా తాతయ్య ఫోటోలో ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఒక మరక. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఏఐ టూల్‌తో దాన్ని పూరించి, ప్రింట్ తీసి, ఫ్రేము కట్టించి నాయనమ్మ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నాడు గానీ, మీ తాత కాదు" అంది. ఏఐ ఆయనకి సన్నగా కత్తిరించిన మీసం పెట్టింది, ఎందుకంటే ఆ కాలపు ఫోటోల్లో అలాంటి మీసాలు అది చాలా చూసి ఉంటుంది. పక్క పిక్సెళ్ళ సగటు తీసే మూర్ఖపు లెక్క అయితే అక్కడ ఒక మసక మరక వదిలేసేది, నాకు తెలియదు అని ఒప్పుకున్నట్టు. ఏఐ ఒప్పుకోదు.

ఇది ఏఐతోనే మొదలు కాలేదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజల్ కనిపెట్టాడు, కొన్ని జిరాక్స్ స్కానర్ కాపియర్లు కాగితం మీద 6 ఉన్న చోట 8 ముద్రిస్తున్నాయని. లోపల జేబిగ్2 అనే కుదింపు, ఒకేలా కనిపించే అక్షరాల్లో ఒకదాన్నే దాచుకుని మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది, 6ని 8 లాంటిదే అనుకుంది. మసక లేదు, గళ్ళు లేవు, చాలా స్పష్టమైన తప్పు అంకె. మా బావ బోటు నంబరు తుడిచినట్టు కనిపించింది కాబట్టి వెనక్కి వచ్చింది, అదే స్పష్టంగా తప్పు నంబరు పడి ఉంటే ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు, క్లెయిమ్ రోజున తెలిసేది. ఇన్సూరెన్స్, కోర్టు, ఆస్పత్రి, సర్టిఫికెట్ ఈ నాలుగింటి దరిదాపుల్లో ఏఐ పూరింపు వద్దు. పాత ఫోటో మీద చిన్న గీత చెరపడానికి, బీచ్ ఫోటోలో వెనక నడిచిపోతున్న ఎవరినో తీసేయడానికి హాయిగా వాడుకోండి.

చేసి చూడాలనుకుంటే

పైథాన్ కొద్దిగా వచ్చినవాళ్ళు ఒక ఆదివారం పెట్టుకుంటే చాలు. ఫోటోల పనికి వాడే ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలో ఇన్‌పెయింట్ అని ఫంక్షన్ ఉంది, దాంతో మొదలెట్టి నిరుత్సాహపడకండి, అది గీతలు, మరకలు పూరించడానికి చేసింది, చెదిరిన చుక్కల మధ్య నింపడానికి కాదు. ఇన్‌పెయింటింగ్ అన్న మాటే పాత చిత్రపటాలు బాగుచేసేవాళ్ళది, 2000లో బెర్టాల్మియో, సపీరో వాళ్ళు దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చారు. మన పనికి సైపై అనే లెక్కల లైబ్రరీలో గ్రిడ్‌డేటా అని ఫంక్షన్ ఉంది, దగ్గరి చుక్క రంగు పెట్టమంటే పలకలు పరిచినట్టు వస్తుంది, లీనియర్ అంటే చుక్కల్ని త్రికోణాలుగా కలిపి నింపుతుంది, రెండూ ఒకే ఫోటో మీద చేసి పక్కపక్కన పెట్టుకుంటే పూరించేవాడి స్వభావం ఎంత మారుస్తుందో కళ్ళకి కడుతుంది. ఆ తర్వాత మన సగటుల లెక్కని స్పార్స్ సాల్వర్‌తో రాసుకోండి, ఇరవై ముప్పై లైన్లు దాటదు. ముందు ఆకాశం ఉన్న ఫోటో, తర్వాత ఇసుక ఉన్న ఫోటో, ఈ వరసలోనే చేయండి, తిరగేసి మొదలెడితే మానేస్తారు.

సరదా కోసం ఇంకో దిక్కు కూడా చూడొచ్చు. పోర్టు దగ్గరి సముద్రం లోతు చూపించే చార్టుల్లో అంకెలు అక్కడక్కడా ఉంటాయి, మధ్యలో లోతెంతో పూరించుకోవాలి, ఇది అచ్చంగా మన సమస్యే. దగ్గరున్న అంకెకి ఎక్కువ ప్రాధాన్యం, దూరపు అంకెకి తక్కువ ప్రాధాన్యం ఇచ్చే లెక్కని డొనాల్డ్ షెపర్డ్ 1968లోనే రాశాడు. తేడా ఏమిటంటే ఫోటోలో రెండు చుక్కల మధ్య ఏదో దాక్కుంటే మసక వస్తుంది, సముద్రంలో రెండు అంకెల మధ్య రాయి దాక్కుంటే ఓడకి తగులుతుంది.

ఒరిజినల్ మాత్రం ఎప్పుడూ పారేయకండి, పెన్‌డ్రైవ్‌లో పడేసి ఉంచండి, కుదించినదాన్ని మళ్ళీ మళ్ళీ కుదించకండి.

బావ ఫోటోల విషయం చెప్పలేదు కదా. రెండోసారి బోటు మొత్తాన్ని 1280 పిక్సెళ్ళ వెడల్పుకి రీసైజ్ చేసి మామూలు జేపెగ్‌లో పెట్టాను, సైజు వంద లోపే వచ్చింది. నంబరున్న ముక్కని ఒరిజినల్ నుంచి విడిగా కోసి, నలుపు తెలుపు పీఎన్‌జీగా పక్కన జత చేశాను. ఈసారి వెనక్కి రాలేదు. "ఇంతేనా పని?" అన్నాడు బావ.